మూడో వరసలో తడబాటు

మెంగ్ పిల్‌నమ్‌కి ముందు ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. మూడోసారీ ఆడపిల్లే అయ్యేసరికి, వచ్చేసారైనా తప్పకుండా మగపిల్లవాడు పుట్టాలని వాళ్ళ తాత ఆ అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ తర్వాత కూడా ఆడపిల్లే పుట్టింది. “నా పేరుకి అప్పజెప్పిన పని ఒక్కటే నావల్ల కాలేదు. మిగతావన్నీ చేశా,” అని నవ్వుతుందావిడ.

నేను ఆవిడకన్నా రెండేళ్ళు చిన్న. నా పేరు జొమ్‌రే. మసాన్ ఎగుమతుల వాడలో కారు రేడియోలు చేసే ఫ్యాక్టరీలో నేను చేరినప్పుడు నాకు పదిహేడు. ఆవిడ పక్క స్టూలు మీద కూర్చునే సాల్డరింగ్ నేర్చుకున్నాను. అప్పటినుంచీ అక్కా అనే పిలుస్తాను. ఏడాది తిరక్కుండానే ఆవిడని మా వరసలోంచి తీసి, పలకని రేడియోలు బాగుచేసే బల్ల దగ్గర వేశారు. అక్కడ మిగతావాళ్ళు రోజుకి నలభై బాగుచేస్తే ఆవిడ పాతిక దాటేది కాదు. ఒక భాగం మార్చి, విని, పలక్కపోతే పాతదే మళ్ళీ అతికించి, అప్పుడు ఇంకోటి మార్చేది. “మూడూ ఒకేసారి మార్చెయ్యొచ్చుగా, దేంతో బాగైతే నీకేం?” అని సూపర్‌వైజర్ కసిరేవాడు. “దేంతో బాగైందో తెలియకపోతే అది బాగైనట్టు కాదు సార్,” అనేది. ఆ సూపర్‌వైజర్ దగ్గర ఒక్కటంటే ఒక్క మెప్పు మాట పొందలేదు. కానీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళిన రేడియో మళ్ళీ ఆ బల్లకి రాలేదు.

ఒక సోమవారం పొద్దున వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది. మూడు వారాలు ఆ గేటు ముందే కూర్చున్నాం, ఎవరూ రాలేదు. తర్వాత తలోదారి పట్టాం. నేను బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపులో కుదిరి, చివరికి అదే షాపు తీసుకున్నాను. మా లైన్ పెద్ద దొక్‌జా అక్క చేపల మార్కెట్‌లో బల్ల పెట్టింది. పిల్‌నమ్ అక్క బట్టల మిల్లులో పనిచేసే జొంగ్‌గిల్‌ని చేసుకుంది. ఆ మిల్లూ మూతపడ్డాక, మొగుడూ పెళ్ళాలు హాప్‌సొంగ్ వాడలో బస్టాండు వెనక, రెండో అంతస్తులో పీసీ బాంగ్ తెరిచారు. అప్పటికి ఊళ్ళో అలాంటివి గల్లీకొకటి ఉండేది. కుర్రాళ్ళు గంటలకొద్దీ కూర్చుని ఆటలాడుకుంటారు, ఆకలేస్తే అక్కడే తింటారు. అరవై కంప్యూటర్లు, వరసకి పది, ఆరు వరసలు. జొంగ్‌గిల్ బావ వంట, అక్క యంత్రాలు. ఆ ఏర్పాటు ఇరవై నాలుగేళ్ళుగా మారలేదు. బావ చేసే కిమ్చీ అన్నం కోసమే వచ్చి, పనిలో పనిగా ఆట ఆడి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు.

పోయిన ఏడాది వసంతంలో మూడో వరస ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టింది.

బొమ్మ హాయిగా కదులుతూ ఉండేది. ఆటలో మనిషి ఒక ఇల్లు దాటి కొత్త వీధిలోకి తిరిగేసరికి రెప్పపాటు బిగుసుకుపోయేది. మళ్ళీ ఒక్క గెంతు గెంతి కదిలేది. తెర మూల ఒక అంకె ఉంటుంది, సెకనుకి ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చెప్పేది. మామూలుగా రెండు వందలు. బిగుసుకున్నప్పుడు ముప్ఫైకి పడిపోయేది. “పిన్నీ, ల్యాగ్ అవుతోంది,” “పిన్నీ, నాకు వేరే సీటివ్వు,” అని కుర్రాళ్ళు గోల పెట్టేవాళ్ళు. అక్క వెళ్ళి వెనక నిలబడి చూసేది. మిగతా అయిదు వరసల్లో ఏ తేడా లేదు.

కంప్యూటర్లని చూసుకోవడానికి వాళ్ళకొక కాంట్రాక్టు కంపెనీ ఉంది. అక్కణ్ణుంచి ఛే అనే అతను వచ్చేవాడు. ముప్ఫై దాటిన మర్యాదస్తుడు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. పొద్దున పదింటికి వచ్చి, ఇరవై మూడో సీటులో కూర్చుని అరగంట ఆడాడు. ఒక్కసారీ ఆగలేదు. మర్నాడూ అంతే.

“అమ్మగారూ, గ్రాఫిక్స్ కార్డులు ముసలివైపోయాయండి. అప్పుడప్పుడూ మొరాయిస్తున్నాయి. అరవైకి అరవై మార్చేసుకుంటే మీకు బాధ ఉండదు,” అన్నాడు.

“రెండో వరసలోవీ అవే కార్డులు. ఒకే రోజు అట్టపెట్టెల్లోంచి నేనే తీశా. అవెందుకు ముసలివి కాలేదు?”

“అది... ఒక్కో కార్డు ఒక్కోలా పనిచేస్తుందండి.”

“అయితే పదికి పది కూడబలుక్కుని ఒకే వరసలో ముసలివయ్యాయా బాబూ?”

ఛే తల గోక్కున్నాడు. వంటగది కిటికీలోంచి జొంగ్‌గిల్ బావ తల బయటపెట్టి, “చదువుకున్నవాడు చెప్తుంటే వినవే! అరవై మార్చాలంటే మనల్ని అమ్ముకోవాల్సిందే అనుకో, కానీ వినడానికేం?” అన్నాడు.

“నువ్వు గుడ్డు మాడిపోకుండా చూసుకోవయ్యా,” అంది అక్క.

ఆ వారమంతా ఆవిడ మూడో వరస కంప్యూటర్ పెట్టెలు ఒక్కొక్కటీ విప్పింది. ఆ వరస వంటగది గోడ పక్కనే. నూనె ఆవిరికి దుమ్ము అతుక్కుని, ఫ్యాన్ల రెక్కల మీద ముతక దుప్పటిలా పేరుకుపోయింది. బ్రష్షుతో, స్పిరిట్‌తో కడిగింది. చిప్పు వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోతే గీకి కొత్తది రాసింది. లోపలి వేడి ఎనభై ఎనిమిది నుంచి డెబ్భైకి దిగింది. నా షాపుకి వచ్చి, చేతులకి అంటిన జిడ్డు నా దగ్గర పెట్రోలుతో తుడుచుకుంటూ, “ఇదే అయ్యుంటే బాగుణ్ణు జొమ్‌రే,” అంది. గొంతులో నమ్మకం లేదు.

అది కాదని ఆదివారం తేలిపోయింది.

జిన్హే ఓడల కార్ఖానాలో వెల్డర్లు నలుగురు చాలాకాలంగా అక్కడికే వచ్చి ఆడేవాళ్ళు. జట్టుకి నిప్పురవ్వలని పేరు పెట్టుకున్నారు. వాళ్ళ పెద్ద యూక్ తేబొంగ్‌కి నలభై దాటాయి, ఇద్దరు పిల్లలు. వారమంతా ఇనుము అతికించి, ఆదివారం మధ్యాహ్నం ఇరవై మూడో సీటులో కూర్చునేవాడు. నగరంలో ఉద్యోగస్తుల జట్లకి ఒక పోటీ పెడతారు. ఎవరి చోట వాళ్ళు కూర్చుని నెట్‌లో ఆడొచ్చు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి నిప్పురవ్వలు రెండో విడతకి వచ్చారు. ఆ రోజు షాపు కిటకిటలాడుతోంది. చివరికి ఆటలో తేబొంగ్ ఒక్కడు, అవతలి జట్టువాడు ఒక్కడు మిగిలారు. తేబొంగ్ గోడ వెంట పాకి మలుపు తిరిగాడు. తెర బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి అతను నేలమీద పడున్నాడు.

హెడ్‌ఫోను తీసి మెల్లగా బల్లమీద పెట్టాడట. “అక్కా, నన్ను చంపింది వాడు కాదు, నీ పెట్టె,” అని నవ్వాడు. పక్కన ముగ్గురూ నవ్వలేదు. ఒకతను బల్లకేసి గుద్ది బయటికి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం నలుగురూ రోడ్డవతల కొత్తగా పెట్టిన పీసీ బాంగ్ మెట్లెక్కడం అక్క కిటికీలోంచి చూసింది.

“పోనీవే. కుర్రాళ్ళు వస్తారు పోతారు,” అన్నాడు బావ.

“వాళ్ళు కుర్రాళ్ళు కాదు. ఎనిమిదేళ్ళు కష్టపడి అక్కడిదాకా వచ్చారు. నా వరసలో ఓడారు.”

“అయితే ఏం చేస్తావ్?”

“కనిపెడతా.”

అంతే. ఆ మాట తర్వాత ఆవిడని కదిలించడం ఎవరివల్లా కాదు. ఫ్యాక్టరీ రోజుల్నుంచీ నాకు తెలుసు. ఒక చిన్న పుస్తకం పెట్టి, బొమ్మ ఆగినప్పుడల్లా రాయడం మొదలుపెట్టింది. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ సీటు, ఏ ఆట, ఆ వరసలో అప్పుడు ఎంతమంది. పదకొండు రోజులు రాసింది. పన్నెండో రోజు ఆ పుస్తకం పట్టుకుని నా షాపుకి వచ్చింది. నేను ఎవరిదో పెళ్ళి సూటు ఇస్త్రీ చేస్తున్నాను.

“చూడవే. పొద్దున ఇద్దరున్నప్పుడు ఒక్కటీ లేదు. నలుగురున్నప్పుడు లేదు. ఏడుగురైతే అక్కడక్కడ. పది నిండితే మాటిమాటికీ. ఛే ఎప్పుడొచ్చేవాడు?”

“పొద్దున.”

“పొద్దున వరసంతా వాడొక్కడే. ఇంకేం కనపడుతుంది వాడికి? ఈ జబ్బు ఒంటరిగా ఉంటే పలకదు. గుంపులోనే పలుకుద్ది.” పుస్తకం మూసి నాకేసి చూసింది. “సోమవారం పొద్దున పదిమంది కావాలి నాకు.”

“దేనికక్కా?”

“ఆటాడ్డానికి.”

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేశాను. ఆదివారం నిండినప్పుడే చూసుకోవచ్చుగా అన్నాను. డబ్బులిచ్చి కూర్చున్నవాణ్ణి మధ్యలో లే, నీ పెట్టె మార్చాలి అంటే లేస్తాడా అంది. నిజమే. ఆ సాయంత్రమే ఇద్దరం ఫోన్లు చేశాం. రేడియోల లైన్లో మాతోపాటు కూర్చున్నవాళ్ళలో ఊళ్ళో ఉన్నవాళ్ళు ఎనిమిదిమంది తేలారు, నాతో కలిపి. దొక్‌జా అక్క, “నాకు మౌస్ అంటే పిల్లి పట్టుకునేదే తెలుసు, అయినా వస్తా,” అంది. తొమ్మిదోవాడు జొంగ్‌గిల్ బావ. పదోవాడి కోసం అక్క చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. అది ఫోన్లో అయ్యేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ రోడ్డు దాటి, ఎదుటి పీసీ బాంగ్ మెట్లెక్కి, తేబొంగ్ వెనక నిలబడింది. తెరలో నీడ చూసి అతను తల తిప్పాడు. ముఖం కందగడ్డలా అయిపోయింది.

“అక్కా... అంటే మేము... ఊరికే చూద్దామని...”

“ఆట చూడు, చచ్చిపోతావ్. అయ్యేదాకా ఆగుతా.”

ఇరవై నిమిషాలు నిలబడింది. అతను ఆ ఆట ఓడిపోయాడు. అప్పుడు చెప్పింది. “తేబొంగూ, రేపు నీకు సెలవేగా. ఇరవై మూడులో ఒక పూట కూర్చో. అది ఆగితే నాకు అంకె పడిపోవడమే కనిపిస్తుంది. చేతికి ఎలా ఉందో నీకే తెలుస్తుంది. తర్వాత నువ్వు మళ్ళీ ఇక్కడికే వచ్చి ఆడుకున్నా నేనేమనుకోను.”

“రేపెన్నింటికి?” అన్నాడతను.

సోమవారం తొమ్మిదిన్నరకల్లా మూడో వరస నిండింది. దొక్‌జా అక్క మార్కెట్ నుంచి రబ్బరు బూట్లతోనే వచ్చేసింది. తేబొంగ్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి అదే ఆట తెరిచి పెట్టాడు. పెద్ద దీవి, ఎవరి దీవి వాళ్ళది, కాల్చేవాళ్ళు లేరు. మాకో మోటారు సైకిలు ఇచ్చాడు. “అమ్మలూ, ఈ మీట నొక్కి ముందుకి పోతూ ఉండండి. దీవంతా తిరగండి. ఆగొద్దు.”

“ముందు సముద్రముంది నాయనా!”

“పక్కకి తిప్పండి!”

“ఎటు పక్కకి?”

“అయ్యో, నీళ్ళలో దిగిపోయానే! నా బండి!”

“జొమ్‌రే, ఈ గోడ నన్ను వదలట్లేదే!”

జొంగ్‌గిల్ బావ మాత్రం మాటామంతీ లేకుండా దీవి చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టేశాడు. “ఆవగింజంత తెలివి ఉంటే చాలు, ఎవరైనా నడపొచ్చు,” అన్నాడు. ఎనిమిదిమంది ఆడవాళ్ళం ఒకేసారి అతన్ని తిట్టాం.

అయిదు నిమిషాలు గడిచాయో లేదో, “ఇదిగో!” అని అరిచాడు తేబొంగ్. “ఆగింది! అక్కా, మళ్ళీ! మళ్ళీ!” నా తెర కూడా బిగుసుకుని గెంతింది. మూల అంకె ముప్ఫై ఒకటి. అక్క ముఖంలో అంత సంతోషం పెళ్ళినాడు కూడా చూడలేదు నేను.

“అందరూ తిరుగుతూనే ఉండండి. ఎవరూ లేవద్దు,” అంది.

ఇరవై మూడో సీటు పెట్టె తీసి రెండో వరసలో పదమూడో సీటుకి మోసుకెళ్ళింది. పదమూడో సీటు పెట్టె తెచ్చి ఇక్కడ పెట్టింది. తేబొంగ్ పదమూడులో ఆడి చూశాడు. పావుగంటలో ఒక్కసారీ ఆగలేదు. మళ్ళీ వచ్చి ఇరవై మూడులో కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో ఆగింది.

“అయితే జబ్బు పెట్టెలో లేదు, సీటులో ఉంది,” అంది అక్క, పుస్తకంలో రాస్తూ. కార్డుల మాట అక్కడితో తీరిపోయింది.

మానిటర్ మార్చింది. ఆగింది. పాత మానిటర్ మళ్ళీ పెట్టేసింది. కరెంటు వేరే వరస నుంచి లాగి ఇచ్చింది. ఆగింది. అదీ తీసేసింది. మా చేతులు నొప్పులెత్తాయి, దొక్‌జా అక్క ఎడమచేత్తో నడపడం మొదలుపెట్టింది. అప్పుడే ఛే మెట్లెక్కి వచ్చాడు, చంకలో కొత్త కార్డుల కాగితాలతో. రబ్బరు బూట్ల ముసలమ్మలు వరసగా మోటారు సైకిళ్ళు నడుపుతుంటే గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“రా బాబూ, ఇలా వచ్చి అతని వెనక నిలబడు,” అంది అక్క.

నిలబడ్డాడు. ఆగింది. ఇంకోసారి ఆగింది. అతను కాగితాలు పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచాడు. ఆ పిల్లవాడి మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

ఆ షాపులో పెట్టెల్లో వేటికీ సొంత డిస్కులు లేవు. ఆటలన్నీ గల్లాపెట్టె వెనక చిన్న గదిలో ఉన్న ఒకే ఒక్క సర్వర్‌లో ఉంటాయి. ఆటలో మనిషి కొత్త వీధిలోకి తిరిగినప్పుడల్లా ఆ వీధి బొమ్మ అక్కణ్ణుంచి తీగల వెంట రావాలి. వరసకొక స్విచ్, పది సీట్ల తీగలు అందులో కలుస్తాయి. అక్కడినుంచి ఒకే పెద్ద కేబుల్ సర్వర్ గదికి పోతుంది. ఇది అక్కకి తెలుసు, ఛేకి తెలుసు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో వరస స్విచ్ నుంచి ఒక తీగ నేలమీదుగా లాగి ఇరవై మూడుకి తగిలించారు. తేబొంగ్ ఆడాడు. అయిదు నిమిషాలు, పది, పదిహేను. ఇరవై మూడు ఆగలేదు. మిగతా తొమ్మిదీ మాత్రం ఆగుతూనే ఉన్నాయి.

అక్క బల్ల కిందికి దూరి, టార్చి వేసి, మూడో వరస స్విచ్ చూసింది. “ఛే బాబూ, ఈ చివరి దీపం పసుపుగా ఉందే? రెండో వరసలో పచ్చగా ఉంది.”

ఛే కూడా నేలమీద పడుకుని చూశాడు. “పెద్ద కేబుల్ దీపం అదండి. పసుపంటే... పదో వంతు వేగంతో పోతోంది. ఎనిమిది పోగుల్లో ఏదో తెగుంటుంది. ఒక్కరికైతే సరిపోద్ది, పదిమందికి చాలదు.” లేచి దుమ్ము దులుపుకుంటూ, “నేను మొదటిరోజే చూసుండాల్సింది,” అన్నాడు.

ముందు స్విచ్ మార్చి చూసింది అక్క, తప్పు దానిదేమోనని. అప్పుడూ పసుపే. ఇక మిగిలింది కేబుల్. అది స్విచ్ నుంచి వంటగది గోడలోకి దూరి, అక్కడినుంచి పైకప్పుకి ఎక్కుతుంది. అక్క వంటగదిలోకి వెళ్ళి ఆ గోడ ముందు నిలబడింది. మేమూ వెనకే వెళ్ళాం, దీవులన్నీ వదిలేసి. గోడకి ఒక ఇనప అర. దానికి వరసగా మూకుళ్ళు, గరిటెలు వేలాడుతున్నాయి.

“ఏమయ్యా, ఈ అర ఎప్పుడు కొట్టావ్?”

జొంగ్‌గిల్ బావ అర వంక చూశాడు. “అదా... చెర్రీపూలు పూసే ముందనుకుంటా.”

“ఆగడం మొదలైంది పూలు రాలాక.”

“కాకతాళీయం.”

“విప్పు.”

నాలుగు మరలు ఊడదీశాడు. నాలుగోది వేలంత పొడుగుంది. దాని చివర నీలం ప్లాస్టిక్ తొక్క కొంచెం అంటుకుని వచ్చింది. కేబుల్ రంగు కూడా నీలమే. ఆ మర అందరి చేతులూ తిరిగి చివరికి బావ అరచేతిలోకి వచ్చింది.

“పదేళ్ళు మిల్లులో మరలు బిగించానని గొప్పలు పోయేవాడివి,” అంది దొక్‌జా అక్క.

“గోడలో ఏముందో పైకి రాసి లేదు కదా!” అన్నాడు బావ. ఆ తర్వాత గొంతు తగ్గించి, “పిల్‌నమూ, తేబొంగు ఓడింది నావల్లన్నమాట,” అన్నాడు. తేబొంగ్ అతని భుజం తట్టి, “బావా, అందరికీ రామ్యన్ నూడుల్స్ పెట్టు, గుడ్లు రెండేసి. మాఫీ,” అన్నాడు.

గురువారం మనుషుల్ని పంపి కొత్త కేబుల్ వేయిస్తానన్నాడు ఛే. గురువారం దాకా ఎందుకంది అక్క. అతని కారులో కేబుల్ చుట్ట ఉంది. అక్క నిచ్చెనెక్కింది. దొక్‌జా అక్క నిచ్చెన పట్టుకుంది, పట్టుకున్నంతసేపూ “దిగవే, నేనెక్కుతా” అని గొడవ. ఈసారి గోడలోంచి కాకుండా పైకప్పు అంచు వెంట, కంటికి కనపడేలా వేశారు. చివర్లు బిగించే పని అక్కే చేస్తానంది. ఎనిమిది పోగులు, ఎనిమిది రంగులు, వెంట్రుకల్లాంటివి. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, మళ్ళీ కిందికి లాక్కుని, నాలిక పంటికింద పెట్టుకుని కూర్చుంది. మేం రేడియోల బల్ల దగ్గర చూసిన ముఖమే. తగిలించాక దీపం అసలు వెలగలేదు. గోధుమరంగు పోగు, ఆకుపచ్చ పోగు తారుమారయ్యాయి. ఛే చెయ్యి చాపాడు. అక్క ఇవ్వలేదు. చివర కత్తిరించి మళ్ళీ మొదట్నుంచి పేర్చింది.

ఈసారి పచ్చగా వెలిగింది.

రామ్యన్ మూతులు తుడుచుకుని మళ్ళీ బళ్ళెక్కాం. ఇప్పుడు మాకూ కాస్త అలవాటైంది. ఊళ్ళలోంచి, వంతెనల మీంచి, పొలాలకి అడ్డం పడి దూసుకుపోయాం. తెర మూల అంకె రెండు వందల దగ్గరే నిలబడింది. “నీళ్ళలా పోతోందక్కా,” అన్నాడు తేబొంగ్. అప్పుడు ఇరవై ఎనిమిదో సీటులోంచి దొక్‌జా అక్క, “నాది ఇంకా ఆగుతోంది,” అంది.

అందరం ఆమె చుట్టూ చేరాం. నిజంగానే ఆగుతోంది. ముప్ఫైకి కాదు, ఎనభైకి, తొంభైకి పడుతోంది. చాలావరకు బాగైందిగా అమ్మగారూ, ఇది రేపు చూద్దాం అన్నాడు ఛే. అక్క అప్పటికే ఆ పెట్టె మూత విప్పుతోంది. అరగంట పట్టింది. లోపల మెమరీ ముక్కలు రెండుండాలి. ఒకటి గాడిలో పూర్తిగా కూర్చోలేదు. దుమ్ము తుడిచిన వారం ఆవిడే తీసి, సరిగ్గా నొక్కకుండా పెట్టింది. వేలితో నొక్కితే టిక్కుమని కూర్చుంది.

“ఇది నా తప్పు,” అంది అక్క అందరికీ వినపడేలా. ఆ మాట కూడా పుస్తకంలో రాసింది. వంటగదిలోంచి జొంగ్‌గిల్ బావ చప్పట్లు కొట్టాడు. “ఇవాళ్టికి నేనొక్కణ్ణే కాదన్నమాట!”

నిప్పురవ్వలు పోటీలోంచి ఎలాగూ బయటికి వచ్చేశారు. అది మారదు. కానీ రెండు వారాల తర్వాత అగ్నిమాపక కేంద్రం జట్టుతో సరదా ఆట ఒప్పుకుని, నలుగురూ మూడో వరసలో కూర్చున్నారు. ఆదివారం, షాపు నిండుగా ఉంది. నేనూ వెళ్ళాను. అక్క గల్లా వదిలి వాళ్ళ వెనకే నిలబడింది. ఆటవైపు చూడలేదు, తెర మూల అంకెవైపే చూసింది. గంటసేపు అది కదల్లేదు. నిప్పురవ్వలు ఓడిపోయారు.

తేబొంగ్ హెడ్‌ఫోను తీసి వెనక్కి తిరిగాడు. “ఈసారి పెట్టె మీదికి నెట్టడానికి లేదక్కా. నా వేళ్ళే ముసలివయ్యాయి.”

“వేళ్ళు నేను బాగుచెయ్యలేను,” అంది అక్క. “రోజూ గంటసేపు ఆడు.”

వాళ్ళు ఇప్పుడూ అక్కడే ఆడుతున్నారు.

ఛే ఆ నెలాఖరున ఫోను చేశాడు. గిమ్హేలో తను చూసుకునే ఇంకో షాపులో ఇలాంటి ఫిర్యాదే ఉందట. ఆవిడొకసారి వచ్చి చూస్తారా అని అడగడానికి పావుగంట మొహమాటపడ్డాడు. అక్క ఒక సంచిలో స్క్రూడ్రైవర్లు, టార్చి, కొత్త పుస్తకం పెట్టుకుని బస్సెక్కింది. అక్కడ తప్పు కేబుల్‌లో లేదు. మౌస్‌లలో ఉంది. షాపాయన కొత్తగా కొన్నవి సెకనుకి వేలసార్లు కబురు పంపుతూ పాత పెట్టెలకి ఊపిరాడనివ్వట్లేదు. అది పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. తర్వాత చాంగ్వన్‌లో ఒకటి, జింజులో ఒకటి. యాభై ఏడేళ్ళ మనిషి సంచి తగిలించుకుని వస్తే ముందు షాపువాళ్ళు మెట్ల దగ్గరే, “బామ్మగారూ, ఎవరి కోసం?” అని అడుగుతారట. అక్క మాత్రం ఎక్కడ ఎక్కువ ఆగుతోందో చూపించమంటుందట.

ఈ వారం ఆవిడ తొంగ్యంగ్‌లో ఉంది. అక్కడ నలభై పెట్టెలు, అన్ని వరసల్లోనూ ఆగుతున్నాయి, అదీ వానపడిన రోజుల్లోనే. నేను నా షాపు మధ్యాహ్నానికే మూసి, ఇక్కడ అక్క గల్లా చూసుకోవడానికి వచ్చాను. బావ వంటగదిలో ఉల్లికాడలు తరుగుతూ అక్కని తిడుతున్నాడు. ఇందాక ఫోను వచ్చింది. రెండు రోజులైంది, ఇంకా దొరకలేదట.

“వచ్చెయ్యక్కా, ఛే చూసుకుంటాడులే,” అన్నాను.

“రేపు వాన పడుద్దన్నారు,” అంది హుషారుగా. “పడనీ, చూస్తా.”